నెగడుచెంత నిగూఢకథ: బేడెన్ పవెల్ ప్రభువు జీవితచరిత్రము

అపరాధ పరిశోధక నవల చేతికందినచో ఆకలిదప్పులు మఱచి చదువు విద్యార్థులు ప్రతి పాఠశాలయందును గలరు. ఆ నవలలలోను వేసవి శిబిరములందు జరిగినట్లు వ్రాయబడిన నిగూఢకథలయందు ఇంగ్లీషు చదువరులకు మక్కువ మెండు. తల్లిదండ్రులకు దూరముగ, అడవి నడుమ, సరస్సు గట్టున గుడారములు వేసికొని పిల్లలుందురు. రాత్రి యగును. తెల్లవారి లెక్కించునప్పటికి ఒకరు తక్కువగుదురు. అక్కడినుండి కథ పరుగిడును. 2024వ సంవత్సరమున లిజ్ మూర్ అను అమెరికా రచయిత్రి ప్రకటించిన ది గాడ్ ఆఫ్ ది వుడ్స్ అను నవలయు ఇట్టిదే. 1975 నాటి వేసవిలో ఒక శిబిరమునుండి మాయమైన బాలికను వెదకుటయే అందలి కథ.

ఇట్టి కథలు ఇంతగా మనస్సును పట్టుకొనుటకు హేతువేమి? విచారించి చూచినచో మూడు హేతువులు కానవచ్చును. మొదటిది, శిబిరమునందలి జనులు కొలదిమంది. దోషి వారిలోనే యుండవలయును. ఒకే కుండలో వండిన అన్నము తినినవారిలో ఒకడు దొంగ యేమో యను శంకయే కథకు ప్రాణము. రెండవది, పెద్దల కన్ను సోకని తావున పిల్లల కన్ను పనిచేయవలసి వచ్చును. ఇంటియొద్ద ఎవరును చెవియొగ్గని బాలుని మాట అచ్చట సాక్ష్యమగును. మూడవది, విఱిగిన కొమ్మ, తడిసిన చెప్పు, చల్లారిన బూడిద మొదలగు అల్పవస్తువు లన్నియు నోరు విప్పి మాటలాడ నారంభించును. భయము లేకపోలేదు, కాని అది నెగడు వెలుతురులో నలుగురి నడుమ కూర్చుండి అనుభవించు భయము. కావున అదియు ఒక యానందమే యగును.

ఈ మూడవ హేతువు మన నల్లగొండ, పాలమూరు సీమలవారికి క్రొత్తది గాదు. తప్పిపోయిన గొఱ్ఱెను గిట్టల గుఱుతునుబట్టి గుట్టలవెంట వెదకి తెచ్చు కురుమ బాలుడును, అమరాబాదు పీఠభూమిపై ఎండుటాకుల కదలికనుబట్టి ఏ మృగము ఎటు పోయినదో చెప్పగల చెంచువాడును ఒక్క నవలయైనను చదివి యుండకపోవచ్చును. అయినను నవలలోని పరిశోధకుడు చేయు పనినే వారు నిత్యము చేయుచుందురు. ఈ జాడ తీయు విద్యను, నెగడుచెంత చెప్పెడి నిగూఢకథను, బాలుర శిబిరమును ఒక్కచోట గూర్చి లోకమంతట వ్యాపింపజేసిన వాడొకడు గలడు. అతడే బాలభటోద్యమ స్థాపకుడగు రాబర్టు స్టీఫెన్సన్ స్మైత్ బేడెన్ పవెల్. అతని చరిత్రయు నిగూఢకథవలెనే శ్రద్ధతో చదువదగినది. అందు మెచ్చదగినవియు గలవు, ప్రశ్నింపదగినవియు గలవు.

బేడెన్ పవెల్ 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి మతాచార్యుడు, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున రేఖాగణితము బోధించిన పండితుడు. పొగబండి మార్గముల నిర్మాణమున ప్రఖ్యాతి గాంచిన రాబర్టు స్టీఫెన్సన్ గారి పేరే ఈ శిశువునకు పెట్టబడెను. బాలునకు మూడేండ్ల ప్రాయమున, 1860లో, తండ్రి గతించెను. తల్లి హెన్రియెట్టా గ్రేసు ధైర్యశాలిని. పెక్కుమంది బిడ్డలను ఆమె యొంటిచేతిమీద పెంచి విద్యాబుద్ధులు చెప్పించెను. అన్నలతో గూడి పడవలమీదను, కాలినడకను దిరిగి, ఆరుబయట నిద్రించి, తన వంట తాను చేసికొనుట బాలుడు చిన్ననాటనే నేర్చెను.

1870లో అతడు చార్టరుహౌసు పాఠశాలలో చేరెను. రెండేండ్లకు ఆ పాఠశాల లండను విడిచి గోడాల్మింగు అను పల్లెపట్టునకు తరలెను. పాఠశాల ప్రక్కన చిట్టడవి యొకటి యుండెను. విద్యార్థులు అందు ప్రవేశింపరాదని కట్టడి. మన బాలుడు తీరిక దొరకినప్పుడెల్ల ఆ యడవిలో దూరి, కుందేళ్లను పట్టి, పొగ పైకి లేవకుండ చిన్న మంట వేసి వండుకొని తినుచుండెను. ఉపాధ్యాయు లెవరైన వచ్చుచున్నారేమో యని చెవులు రిక్కించి, చెట్టుమానువలె కదలక నిలుచుట అతనికి అచ్చటనే అలవడెను. కట్టడి మీఱుట మెచ్చదగినది గాదు. కాని ఆ యడవి నేర్పిన పాఠమే ముందు అతని జీవితమునకు దారి చూపెను. తరగతి చదువున అతడు సామాన్యుడు. ఆక్సుఫర్డు ప్రవేశ పరీక్షలో తప్పెను. పిమ్మట 1876లో సైన్యోద్యోగ పరీక్షకు పోయి, ఆశ్వికదళమున కెన్నికైనవారిలో రెండవవాడుగా నిలిచెను.

అట్లు పందొమ్మిదేండ్ల ప్రాయమున అతడు 13వ హుస్సారు దళమున చేరి మన దేశమునకు వచ్చి లక్ష్ణోలో దిగెను. కవాతునకంటె వేగువారి పనియందే అతనికి ఆసక్తి హెచ్చు. శత్రువు కంటబడకుండ ముందుగా పోయి, నేల తీరును, దారులను, జాడలను చూచి వచ్చి సేనాపతికి విన్నవించుట వేగువాని పని. దానినిగూర్చి అతడు 1884లో ఒక పుస్తకమును ప్రకటించెను. 1890లో మాల్టా ద్వీపమునకు గవర్నరైన మేనమామయొద్ద ఉద్యోగియై, మధ్యధరా సముద్ర ప్రాంతముల రహస్యవార్తలు సేకరించెను. సీతాకోక చిలుకలను పట్టువానివలె వల చేతబట్టి కొండలవెంట దిరిగి, కనబడిన కోటల తీరును, ఫిరంగుల తావులను చిలుక ఱెక్కలమీది గీతలుగా చిత్రించి తెచ్చితినని అతడు 1915లో ప్రకటించిన పుస్తకమున వ్రాసికొనెను. తన సాహసములకు రంగు పూసి చెప్పుట అతనికి ప్రీతి యని చరిత్రకారులందురు. ఏమైనను కథ చెప్పు నేర్పు అతనికి పుట్టుకతో వచ్చినది.

1896లో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున, నేటి జింబాబ్వేలో, మటాబెలె జనులు ఆంగ్లేయుల పాలనపై తిరుగబడిరి. బేడెన్ పవెల్ అచ్చటికి పంపబడెను. మటోపో కొండలలో రాత్రులందు ఒంటరిగనో, ఒక్క ఆఫ్రికావాసి తోడుగనో సంచరించి అతడు జాడ తీయుటయందు ఆరితేరెను. అమెరికానుండి వచ్చిన ఫ్రెడరికు బర్నాము అను వేగువాడు అతనికి ఆ విద్యలో కొన్ని మెలకువలు చూపెను. ఆ కాలమున జరిగినట్లు అతడు పిమ్మట బాలురకు తఱచుగ చెప్పిన వృత్తాంతము ఒకటి గలదు. దానిని వినినచో నిగూఢకథ యనగా నేమో తెలియును.

ఒక ఉదయమున అతడును, తోడి ఆఫ్రికావాసియు బయలు నేలపై పోవుచుండగా గడ్డి అప్పుడే త్రొక్కబడినట్లు కనబడెను. ఇసుక తావున చిన్న పాదముల గుఱుతులున్నవి. అడుగులు దగ్గఱ దగ్గఱగ పడినవి. కావున నడచినవారు స్త్రీలు, పిల్లలు. వారు కొండలవైపు పోయిరి. దారికి పదిగజముల దూరమున ఒక ఆకు పడియుండెను. ఆ చుట్టుప్రక్కల అట్టి చెట్టు లేదు. అది పదునైదు మైళ్ల దూరమందలి యొక పల్లెయొద్ద గలదని వారెఱుగుదురు. ఆకు తడిసియున్నది, వాసన చూడగా కల్లువంటి నాటు పానీయపు వాసన వచ్చెను. ఆ దేశపు స్త్రీలు పానీయపు కుండలను తలపై మోయునప్పుడు మూతికి ఆకులు క్రుక్కుదురు. ఆకు దారికి దూరముగ పడినది గావున అది జాఱినప్పుడు గాలి వీచుచుండవలయును. ఇప్పుడు ఏడు గంటలు, గాలి లేదు. ఐదు గంటలప్పుడు వీచినది. ఇంతియే ఆధారము. ఆ రాత్రి ఆ పల్లె స్త్రీలు కొండలలో దాగిన యోధులకు పానీయము మోసికొని పోయిరనియు, ఆఱు గంటలకు వారచ్చటికి చేరియుందురనియు, యోధులు దానిని వెంటనే త్రాగి మత్తులో నుందురనియు వేగువారు నిశ్చయించుకొని, సాహసించి కొండల చెంతకు పోయి చూడవలసినదంతయు చూచి వచ్చిరి. ఒక ఆకు, ఒక వాసన, రెండు గంటల క్రిందటి గాలి: ఈ మూడింటినుండి అంత కథ బయల్పడినది.

అయితే అదే యుద్ధమున అతని పేరునకు మచ్చయైన కార్యమొకటి జరిగెను. ఉవీని అను మటాబెలె నాయకుడు పట్టుబడగా సైనిక న్యాయస్థానము మరణదండన విధించెను. బేడెన్ పవెల్ దానిని స్థిరపఱచి కాల్పించెను. లొంగినచో ప్రాణము గాతుమని ఆ నాయకునకు మాట యీయబడెనను అభియోగము పిమ్మట వచ్చెను. సైనిక విచారణసభ బేడెన్ పవెలును నిర్దోషియని వదలిపెట్టెను. ఆకునుబట్టి అంత ఓర్పుతో సత్యమును వెదకినవాడు, ఒక మనుష్యుని ప్రాణమును గూర్చి తీర్పు చెప్పునప్పుడు అంతటి ఓర్పు చూపెనా యను ప్రశ్న మాత్రము నిలిచిపోయినది.

1897లో అతడు మఱల మన దేశమునకు వచ్చి, మీరటులోని 5వ డ్రాగూను దళమునకు అధిపతియయ్యెను. సామాన్య సైనికులను చిన్న చిన్న జట్లుగా విభజించి, జాడ తీయుటను, తమంత తామాలోచించుటను నేర్పెను. ఆ పాఠములను ఎయిడ్స్ టు స్కౌటింగు అను చిన్న పుస్తకముగా 1899లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే దక్షిణాఫ్రికాలో బోయరులతో యుద్ధము సంభవించెను. మాఫెకింగు అను చిన్న పట్టణమున అతడు తనకంటె అనేక రెట్లు హెచ్చైన శత్రుసేనచే ముట్టడింపబడెను. 1899 అక్టోబరు 13 మొదలు 1900 మే 17 వఱకు 217 దినములు పట్టణము నిలిచెను. ఇసుక నింపిన పెట్టెలను మందుపాతరలని చాటించి పాతించుట, లేని ముండ్లతీగెను దాటుచున్నట్లు సైనికులచే కాళ్లెత్తి నడిపించుట మొదలగు యుక్తులతో అతడు శత్రువును భ్రమింపజేసెను. దూరదర్శినిలో చూచు శత్రువునకు తీగె కనబడదు, కాలెత్తుట మాత్రము కనబడును. జాడను చదువ నేర్చినవాడే దొంగజాడను వేయ నేర్చును గదా!

ఆ ముట్టడిలో పట్టణమందలి బాలురను ఒక దళముగ గూర్చి, వార్తలు మోయు పని నప్పగించిరి. వారు ఫిరంగి గుండ్ల నడుమ సైకిళ్లపై తిరిగి ఆ పనిని చక్కగ నిర్వహించిరి. బాధ్యత నిచ్చినచో బాలుడు దానికి తగినట్లు పెరుగునని బేడెన్ పవెల్ అప్పుడు గ్రహించెను. ముట్టడి తొలగినప్పుడు ఇంగ్లాండు దేశము ఆనందముతో వెఱ్ఱియెత్తినట్లు ఊగెను. అతడు వీరుడై వెలసెను. అయితే పట్టణమందలి ఆఫ్రికావాసులకు చాలినంత ఆహార మీయలేదను విమర్శయు పిమ్మట కలిగెను. దానిని గూర్చి చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు.

స్వదేశమునకు మఱలి వచ్చినప్పుడు అతనికి వింతయైన సంగతి యొకటి తెలిసెను. సైనికుల కొఱకు వ్రాసిన చిన్న పుస్తకమును ఉపాధ్యాయులు, బాలురు కొని చదువుచుండిరి. యుద్ధమునకు గాక జాడ తీయుట యను ఆటకై వారు దానిని వాడుచుండిరి. 1904లో గ్లాస్గో నగరమున బాయిస్ బ్రిగేడు అను బాలసంఘపు కవాతును చూడబోయినప్పుడు, దాని స్థాపకుడు విలియము స్మిత్ బాలుర కొఱకే అట్టి పుస్తకము వ్రాయుమని ప్రోత్సహించెను. వ్రాయుటకు ముందు పరీక్షించి చూడవలయునని బేడెన్ పవెల్ తలచెను.

1907 ఆగస్టు 1వ తేదీన ఇంగ్లాండు దక్షిణ తీరమందలి బ్రౌన్‌సీ ద్వీపమున ఆ పరీక్ష ఆరంభమయ్యెను. ఇరువదిమందికి పైబడిన బాలురు చేరిరి. వారిలో కొందఱు ధనవంతుల పాఠశాలలవారు, కొందఱు పూలు, బోర్ను‌మతు పట్టణములలోని కష్టజీవుల బిడ్డలు. ధనికులకు ఒక పౌను, తక్కినవారికి మూడున్నర షిల్లింగులు రుసుము. ఆనాటి ఇంగ్లాండున ఈ రెండు తెగల బాలురు ఒక్క పంక్తిని భుజించుట అపూర్వము. తోడేలు, ఎద్దు, కాకి, కర్ల్యూ అను నీటిపక్షి పేరులతో వారిని నాలుగు జట్లుగా విభజించిరి. వేకువను ఆఫ్రికానుండి తెచ్చిన కూడూ జింక కొమ్ము నూదగా అందఱు మేల్కొనుచుండిరి. పగలు ముడులు వేయుట, వంట, ఈత, మృగపక్షుల పరిశీలనము; రాత్రి నెగడు. ఆ నెగడే మనకు ముఖ్యము.

రాత్రి కాగా బాలురందఱు నెగడు చుట్టును గూర్చుందురు. వెనుక చీకటి, సముద్రపు హోరు, ముందు మంట. బేడెన్ పవెల్ కథ నారంభించును. అతడు నీతిని ముందు చెప్పడు. ముందు ఒక జాడను చూపును. దానికి కారణమేమో చెప్పక యూరకుండును. బాలురు ఊహింతురు. ఒకడు తప్పు చెప్పును, ఇంకొకడు సగము చెప్పును. చివరకు కారణము బయల్పడును. ఇదియే ఉత్కంఠ పుట్టించు కథల రహస్యము. ఫలమును ముందు చూపి కారణమును దాచుట, దానిని వెదకు పనిని వినువానికి వదలుట. వినువాడు కథకు వెలుపల కూర్చుండడు, తానే పరిశోధకుడగును. మఱునాటి ఉదయము అదే ద్వీపమున నిజమైన జాడలు అతనికై వేచియుండును. నవలకు లేనిదియు శిబిరమునకు గలదియు ఇదియే.

1908 జనవరిలో స్కౌటింగు ఫర్ బాయ్స్ అను పుస్తకము పక్షమునకొక భాగము చొప్పున ఆఱు భాగములుగా వెలువడెను. భాగము వెల నాలుగు పెన్నీలు. అందు అధ్యాయములు నెగడు ముచ్చటలుగా విభజింపబడినవి. షెర్లాకు హోమ్సు కథలవంటి వానిని బాలురకు చదివి వినిపించి, పిమ్మట ఏ గుఱుతునుబట్టి ఏమి తెలిసినదో ప్రశ్నించి, మార్గమును గ్రహించిరో లేదో చూడవలయునని శిక్షకులకు అతడందు ఉపదేశించెను. అపరాధ పరిశోధక కథలు పిల్లలను చెఱచునని పెద్దలు గొణుగుచుండిన కాలమున ఇది సాహసమే. కానన్ డాయిల్ తన హోమ్సును ఊహించుటకు ఎడింబరో వైద్య విద్యాలయమున రోగులను చూచినంతనే వారి వృత్తిని చెప్పగల ఆచార్యుడు జోసెఫు బెల్ మూలమని మన మెఱుగుదుము. ఆ బెల్ గారి నేర్పునుగూడ ఈ పుస్తకము బాలురకు చూపినది. కిప్లింగు వ్రాసిన కిం అను నవలనుండి ఒక ఆటయు చేరెను. పళ్లెరములో పలు వస్తువులనుంచి, ఒక్క నిమిషము చూపి, గుడ్డ కప్పి, అవి యేవో జ్ఞాపకమునుండి వ్రాయుమనుట ఆ ఆట. నేటికిని శిబిరములలో బాలురు దీనిని ఆడుచున్నారు.

ఆ పుస్తకమునందలి నిగూఢకథలలో ఎల్స్‌డన్ హత్య ముఖ్యమైనది. ఇది కల్పితము గాదు. 1791లో ఉత్తర ఇంగ్లాండున ఎల్స్‌డన్ గ్రామ సమీపమున ఒంటరిగనున్న మార్గరెటు క్రోజియరు అను వృద్ధురాలు హత్య చేయబడెను. రాబర్టు హిండ్‌మార్షు అను గొఱ్ఱెల కాపరి బాలుడు అంతకు ముందు ఒక దేశదిమ్మరి నేలపై గూర్చుండి భుజించుచుండగా చూచెను. తేఱిపాఱ చూడకయే అతని ముఖమును, చాచిన కాళ్ల జోళ్ల అడుగున మేకులు దిగగొట్టిన వింత తీరును గమనించెను. హత్య జరిగిన తావున అడుగుజాడలు కనబడినవని వినగా, బాలుడు తాను చూచినది చెప్పెను. విలియము వింటరు అను ఆ మనుష్యుడు పట్టుబడి, 1792లో ఉరితీయబడెను. ఉరికొయ్యకు వ్రేలాడు శవమును చూచి, తనవలన ఒక ప్రాణము పోయెనని ఆ బాలుడు కుమిలిపోయెనని బేడెన్ పవెల్ కథలో చెప్పియున్నాడు. చదువరులు ఈ చోట ఒక క్షణము నిలువవలయును. బాలుడు ఆ మనుష్యుని జాతినిబట్టియో, చినిగిన బట్టనుబట్టియో దోషియనలేదు. మేకుల గుఱుతు ఏమి చెప్పెనో అంతమాత్రమే చెప్పెను. చెప్పిన పిమ్మట దాని బరువును తానును మోసెను. మంచి నిగూఢకథ నేర్పు న్యాయమిది: జాడ పలుకువఱకు తీర్పు పలుకరాదు.

ఉద్యమము కార్చిచ్చువలె వ్యాపించెను. 1909లో లండనులోని క్రిస్టల్ పాలెసు సభకు వేలకొలది బాలురతో పాటు కొందఱు బాలికలును పిలువకయే వచ్చి నిలిచిరి. మఱుసటి సంవత్సరము అతని సోదరి ఆగ్నెసు సాయమున బాలికల సంఘమేర్పడెను. 1910లో బేడెన్ పవెల్ సైన్యమును విడిచి తన జీవితమును బాలురకు అంకితము చేసెను. 1912లో ఓలేవ్ సోమ్సు అను యువతిని వివాహమాడెను. ఓడలో ఆమెను కలిసికొనినప్పుడు, రెండేండ్ల క్రిందట లండనులో కుక్కతో నడచిపోవుచు తనకు కనబడిన స్త్రీ ఈమెయేయని నడక తీరునుబట్టి పోల్చితినని అతడు చెప్పుకొనెను. 1920లో లండనున జరిగిన ప్రథమ ప్రపంచ జాంబొరీలో బాలురు అతనిని సమస్త ప్రపంచమునకు ప్రధాన బాలభటునిగ ఘోషించిరి. 1929లో అతనికి ప్రభు బిరుదము లభించెను.

ఇక మన దేశపు సంగతి. 1909 నుండియే ఇచ్చట బాలభట దళములుండెను గాని అవి ఆంగ్లేయుల బిడ్డల కొఱకే. భారతీయ బాలురు ఈ శిక్షణము పొందినచో విప్లవకారులగుదురేమోయని ప్రభుత్వమునకు శంక. అందుచే 1916లో అనీబిసెంటమ్మ మద్రాసున భారతీయ బాలుర కొఱకు ప్రత్యేక సంఘమును నెలకొల్పెను. ఉత్తరాదిని మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజ్‌పేయి గార్లు సేవాసమితి బాలభట సంఘమును స్థాపించిరి. 1921లో బేడెన్ పవెల్ మన దేశమునకు వచ్చి మన బాలుర నేర్పును కన్నులార చూచిన పిమ్మట తలుపులు తెఱువబడెను. బిసెంటమ్మ సంఘము మూలసంఘమున కలిసెను.

అట్లు చూచి తెలిసికొనినవాడు, 1937లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత జాంబొరీకి వచ్చిపోయిన పిమ్మట, భారతీయుల శీలమును, గౌరవబుద్ధిని తక్కువ చేసి మాటలాడెను. దేశమంతట నిరసన చెలరేగెను. పెక్కుమంది అతని సంఘమును విడిచిరి. 1938లో హిందూస్థాన్ స్కౌటు సంఘము ఏర్పడెను. మానము, పరువు, మాట నిలుపుకొనుట అను పదములను మన పల్లెలలో పసులు కాయు బాలుడు సైతమెఱుగును. ఎనుబదేండ్ల పరిశోధకుడు ఈ జాడను చదువలేకపోయెను. గుఱుతులు చూడక ముందే తీర్పు చెప్పుట అతడే బాలురకు వలదన్న పని. స్వాతంత్ర్యానంతరము విడివడిన సంఘములు ఏకమై 1950 నవంబరు 7వ తేదీన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను సంస్థ ఏర్పడెను. గురువు మాట తప్పయినను అతడు నేర్పిన విద్యను మనవారు విడువలేదు. దానిని తమదిగా జేసికొనిరి.

వార్ధక్యమున బేడెన్ పవెల్ భార్యతో గూడ ఆఫ్రికాలోని కెన్యా దేశమునకు పోయి, న్యేరీ అను ఊర, మంచుకొండ కనబడు తావున చిన్న యిల్లు కట్టించుకొని నివసించెను. 1941 జనవరి 8వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. ఆ ఖండముననే అతడు జాడ తీయు విద్యయందు ఆరితేరెను; ఆ ఖండముననే అతని మాయని మచ్చయు గలదు. అతని సమాధి ఱాతిపై ఒక వలయమును, దాని నడుమ ఒక చుక్కయు చెక్కబడినవి. బాలభటుల జాడగుఱుతులలో దాని యర్థము, పని ముగించి ఇంటికి పోయితినని. జీవితమంతయు గుఱుతులను చదువ నేర్పినవాడు తన మరణమును సైతము ఒక గుఱుతుగానే విడిచి పోయెను.

2020లో ఇంగ్లాండున అతని విగ్రహమును తొలగింపవలయునా యని పెద్ద వివాదము చెలరేగినది. ఉంచవలయుననువారును, తీయవలయుననువారును గలరు. ఈ వివాదమును తీర్చుట మన పని గాదు. ఒక మనుష్యుని జీవితము సైతము నిగూఢకథవంటిదే. అందలి గుఱుతులను కొన్నిటినే యేఱి తక్కినవానిని దాచిపెట్టరాదు. బ్రౌన్‌సీ నెగడును, ఉవీని మరణమును, ఢిల్లీ మాటలను, ఎల్స్‌డన్ బాలుని కన్నీటిని అన్నిటిని ఒక్కచోట పెట్టి చూచినప్పుడే అతడెవరో కొంత తెలియును.

ప్రియ విద్యార్థులారా! నిగూఢకథలను చదువుటయందు దోషము లేదు. చివరి పుట ముందుగ తిప్పి చూచుటయందు దోషము గలదు. ఏలయన, వెదకు శ్రమయే ఆ కథల ఫలము. వేసవి సెలవులలో పానగల్లు చెఱువు గట్టుననో, దేవరకొండ దుర్గము క్రిందనో, పిల్లలమఱ్ఱి నీడనో మీరు గూడినప్పుడు ఒక్క గంట పుస్తకము మూసి నేలను చదువుడు. ఏ పిట్ట ఎటు నడచినది, ఏ బండి ఎప్పుడు పోయినది, ఏ మంట ఎంతసేపటి క్రిందట ఆఱినది చూడుడు. చూచినది చెప్పుడు; చూడనిది చెప్పకుడు. తోటివానిని గూర్చి ఊరివారు తొందరపడి నింద మోపునప్పుడు, జాడ యేమి చెప్పినదని నెమ్మదిగ అడుగగలవాడే నిజమైన పరిశోధకుడు. అట్టివాడొక్కడు ఊరికి గలిగినను నిరపరాధి యొక్కడు బ్రదుకును.